కండ్లు తెరవని పండు

నవంబరులో అరబ్బు దేశపు అభా కొండల మీద పొద్దున ఎనిమిదయినా మంచు కదలదు. ఆ మంగళవారం నర్సింలు రెండు స్వెట్టర్ల మీద తనకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఇచ్చిన పాత కోటు తొడుక్కొని, మఫ్లరు చెవులకు చుట్టుకొని, పెరటి గోడ పక్కనున్న చెట్టు కింద నిలబడి కాయల్ని చూస్తున్నాడు. ముట్టుకోవడం లేదు. చేతులు వెనక్కి కట్టుకొని, పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా మర్యాదగా చూస్తున్నాడు. మొత్తం ఏడు కాయలు. ఒక్కొక్కటి గుప్పిటకు మించిన లావు. ఆకుపచ్చ తోలు మీద, తడిమట్టి ముద్దను ఎవరో బొటనవేలితో నొక్కినట్టు వరసగా సొట్టలు.

“ఏమి నర్సింలూ, ఇంగా కండ్లు తెరవల్యా?” అని వంటింటి కిటికీలోంచి మెహరున్నిసా అడిగింది. ఆమెది రాయచోటి. ఆ ఇంట్లో నాలుగేళ్ళుగా వంట చేస్తోంది. తోటపని మనిషి వంటింటి మెట్టు దాటకూడదు, వంటమనిషి పెరట్లో తిరగకూడదు. అందుకని ఆ ఇంట్లో ఉన్న ఇద్దరు తెలుగువాళ్ళకూ ఆ కిటికీయే కచేరీ చావడి.

“లేదక్కా. చలి గట్టిగ వెట్టింది గద, కండ్లు మూసుకొని పన్నయి.”

“ఒకటి కోసి బియ్యం గోతంలో పెట్టి చూడరాదా?”

“అయ్యో, గా మాట అనకు. కండ్లు తెరువక ముందు తెంపితే రాయి లెక్కనే ఉంటది. నల్లగైతది గని పండది.”

ఇందులో అతనికి రవ్వంత కూడా అనుమానం లేదు. మెదక్ అడవి పక్క పుట్టినవాడు. సీతాఫలం మీది గడులు విడివడి, సందుల్లో తెలుపు తేలడాన్ని వాళ్ళ ఊళ్ళో కండ్లు తెరవడం అంటారు. ఆ తెలుపు కనబడకుండా కాయ తెంపిన పిల్లల వీపులు చిట్లుతాయి. మిగతా చదువు ఏమున్నా లేకున్నా ఈ చదువు మాత్రం అక్కడ అందరికీ ఉంటుంది.

ఇంతలో వెనక గేటు తీసుకొని కఫీల్ అబూ సయీద్ వచ్చాడు. ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆయన వెంట ఒక పాకిస్తానీ మేస్త్రీ, మేస్త్రీ చేతుల్లో దారపు ఉండా సున్నం డబ్బా ఉన్నాయి. మేస్త్రీ దారం లాగాడు, సున్నం చల్లాడు. ఆ తెల్లటి గీత దానిమ్మల్ని తప్పించుకొని, బాదం చెట్టును తప్పించుకొని, సరిగ్గా ఈ చెట్టు మొదలు మీదుగా పోయింది.

“చిన్నవాడికి కారు కొన్నాను. గ్యారేజీ ఇక్కడ వస్తుంది. శనివారం ఈ చెట్టు తీసేయాలి,” అన్నాడు అబూ సయీద్.

నర్సింలు నోరు అతన్ని అడగకుండానే తెరుచుకుంది. “బాబా, ఇది పండ్ల చెట్టు. మా దేశం పండు. సీతాఫలం. తేనె.” అతనికొచ్చిన అరబ్బీ అంతే. క్రియలు తక్కువ, గౌరవాలు ఉండవు, అన్నీ ముక్కలే.

“ఇది కాయడం ఈ ఏడే మొదలు. వ్యవసాయం చదివిన ఇంజినీరొకడు చూసి తనకు తెలియదన్నాడు. పక్కింటి హాజీ, యుద్ధంలో నూనెబావులు కాలిన పొగకు పుట్టిన కాయ ఇది, పిల్లల్ని ముట్టనివ్వకండి అన్నాడు. వాళ్ళిద్దరికీ తెలియనిది నీకు తెలుసా?”

“తెలుసు.”

అబూ సయీద్ గడ్డం నిమురుకున్నాడు. “సరే. శుక్రవారం మా తమ్ముడు దమ్మామ్ నుంచి భోజనానికి వస్తున్నాడు. ఆ పండు పళ్ళెంలో పెట్టి చూపించు. నువ్వన్నట్టుంటే గ్యారేజీ పడమటి వైపు కట్టిస్తాను. లేకపోతే శనివారం చెట్టు పోతుంది. పెరడు సగం సిమెంటు అయ్యాక నాకు తోటపని మనిషి దేనికి? నువ్వు మా తమ్ముడితో దమ్మామ్ వెళ్ళిపో.”

దమ్మామ్ నర్సింలుకు కొత్త కాదు. ఆ తమ్ముడి గోదాంలోనే అతను యుద్ధం రోజులన్నీ గడిపాడు. రేకుల గదిలో పన్నెండుమంది, సైరన్ మోగినప్పుడల్లా విషవాయువు భయానికి ముక్కుకు తడి తువ్వాళ్ళు, యుద్ధం ఆగాక కూడా నెత్తి మీద అదే రేకు, అదే ఎండ. మార్చిలో ఈ కొండ మీదికి పంపినప్పుడు, మొదటిరోజు పొద్దున దానిమ్మ ఆకు మీద నీటిబొట్టు చూసి అతను కాసేపు పార కింద పెట్టి ఊరికే నిలబడిపోయాడు. ఈ తొమ్మిది నెలల్లో అతనికి ఒళ్ళు వచ్చింది, నవ్వు వచ్చింది. ఇవి రెండూ వదులుకొని మళ్ళీ రేకు కిందికి పోవడం తన వల్ల కాదని అతనికి స్పష్టంగా తెలుసు.

*

బుధవారం అతను చెట్టును పరీక్షకు కూర్చున్న పిల్లాడిలా చదివాడు. దానిమ్మలకు కాలువ తిప్పి, మేకల దొడ్డి ఊడ్చి, ఆ ఎరువు తట్టలో తెచ్చి బాదం మొదట్లో పోసి, ఆ పనుల మధ్యలో ఐదుసార్లు వచ్చి చూశాడు. ఆకు తెంపి నలిపి వాసన చూశాడు. పచ్చివాసనా ఘాటూ, అచ్చం సీతాఫలం ఆకే. సంబరంతో కిటికీ దగ్గరికి పరుగెత్తాడు.

“వాసన సూడక్కా. మా తాన నెత్తిల పేండ్లకు గీ ఆకు నూరి పెడ్తరు.”

మెహరున్నిసా పిండి అంటని వేలి కొనలతో ఆకు పట్టుకొని వాసన చూసింది. తర్వాత వెనక్కి తిప్పి బుగ్గకు రాసుకుంది. “వాసన సరే. అడుగున ఇంత నూగుందే. మక్మల్ మాదిరి ఉండాది. సీతాఫలం ఆకుకు ఇట్లుంటాదా?”

నర్సింలు తనూ బుగ్గకు రాసుకున్నాడు. నూగు ఉంది. ఇన్నాళ్ళూ చూడనే లేదు. “చలికి గద,” అన్నాడు. “మనం సెట్టర్లేసుకుంటలేమా? గట్లనే అదీ వేసుకున్నది.”

“రామాఫలమేమో?”

“అది ఎర్రగుంటది.”

“లక్ష్మణఫలం?”

“దానికి ముండ్లుంటయి. గిది సీతాఫలమే అక్కా. నువ్వు నాకు అనుమానం పెట్టకు.”

అనుమానం ఆమె పెట్టలేదు. అది అతని లోపలే ఉండి, ఆమె మాటకు లేచి కూర్చుంది. సీతాఫలం గడులు బొడిపెలు బొడిపెలుగా ఉబ్బి ఉంటాయి. వీటికి సొట్టలు. గడి ఉంటే కదా కన్ను తెరిచేది?

“నీకంటే ముందు తోటపని చేసిన యెమన్ ఆయప్పను అడిగుంటే పోయేది,” అంది మెహరున్నిసా, పిండి మళ్ళీ పిసుకుతూ. “అబ్దుల్ ఖాదర్ అని. చంటిబిడ్డను సాకినట్ల సాకినాడు దీన్ని. ఎవరూ అడగల్యా. నేనూ అడగల్యా.”

సాయంత్రం ఒక కాయ దానంతటదే రాలింది. టప్పుమని కింద పడి పగిలింది. నర్సింలు పరుగెత్తుకొచ్చి చూస్తే లోపలంతా గోధుమరంగు, పులిసిన వాసన. కన్ను తెరవకుండానే కుళ్ళింది! చెట్టుకు తెగులు పట్టిందని అతను కూలబడిపోయాడు. మిగిలిన ఆరింటినీ లెక్కపెట్టుకొని, ఒక్కొక్క కొమ్మ కిందా గడ్డి మెత్తగా పరిచాడు. పడితే దెబ్బ తగలకుండా ఉంటుందని కాబోలు. రాలిన కాయ వైపు మళ్ళీ చూడ్డానికి మనసొప్పక, మట్టి కప్పేశాడు.

*

గురువారం పదింటికి మంచు విడిచి ఎండ వచ్చింది. ఎండతోబాటు కోతులు కూడా వచ్చాయి. అభాలో ఇది కొత్త కాదు. లోయ అంచునుంచి పదీ పదిహేను గుంపుగా ఎక్కి వస్తాయి. కుక్కమూతులు, ఎర్రటి పిర్రలు, మగవాటి భుజాల మీద బూడిదరంగు జూలు. మామూలుగా చెత్తడబ్బాలు వెతుక్కొని పోతాయి. ఆరోజు వాటిలో పెద్ద కోతి గోడ మీద కూర్చొని ముక్కు పైకెత్తి వాసన పట్టింది.

నర్సింలు బావి పంపు దగ్గర ఉన్నాడు. మెహరున్నిసా పళ్ళెం మీద గరిటెతో మోగించిన మోతకు పార తీసుకొని పరుగెత్తాడు. అతను వచ్చేసరికి పెద్ద కోతి చెట్టు మీద ఉంది. “హో, హో,” అని అరిచాడు. రాయి విసిరాడు. అది పక్కకు తప్పుకొని, అతనికేసి ఒకసారి కోరలు చూపించి, తన పని తాను చేసుకుంది.

ఆ పని చూస్తూ నర్సింలు రెండో రాయి విసరడం మరచిపోయాడు.

కోతి ఒక కాయను పట్టుకుంది. తెంపలేదు. బొటనవేలితో నెమ్మదిగా నొక్కింది. వదిలేసి పక్కదాన్ని నొక్కింది. తెంపింది. రెండు చేతులతో విప్పితే లోపల పాలమీగడంత తెలుపు. మూతి అందులో పెట్టి తింటూ, నల్లటి గింజల్ని ఒక్కొక్కటే పక్కకు ఉమ్మింది. అచ్చం వాళ్ళ ఊరి ముసలివాళ్ళు అరుగు మీద కూర్చొని ఉమ్మినట్టే. అది తిని ఇంకోటి, పిల్లలున్న కోతికి ఒకటి, మరొకదానికి ఒకటి. నొక్కి చూసి గట్టిగా ఉన్నవి రెండు మాత్రం ముట్టకుండా వదిలేసింది. ఒక్క కాయకైనా కండ్లు తెరుచుకొని లేవు. కోతి కండ్ల కోసం చూడనే లేదు.

మెహరున్నిసా కిటికీలోంచి వేడి నీళ్ళు చిమ్మేసరికి గుంపంతా గోడ దూకింది. ఆ హడావుడిలో పెద్ద కోతి చేతిలోని పండు సగం చెక్క కిందపడి, పరిచిన గడ్డి మీద తెల్లటి వైపు పైకి తిరిగి నిలిచింది.

నర్సింలు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కోతి మూతి తగలని అంచును చాకుతో కోసి నాలుక మీద పెట్టుకున్నాడు.

ముందు చల్లదనం. ఆ తర్వాత తీపి, తీపి వెనకాల సన్నటి పులుపు. సీతాఫలంలా పలుకులు లేవు, ఇసుక లేదు, నమలడానికే ఏమీ లేదు. వెన్నలా కరిగిపోయింది. అతనికి నవ్వు ఆగలేదు. గడ్డిలో కూర్చొని, పార పక్కన పడేసి, ఒంటరిగా పెద్దగా నవ్వాడు. ఎన్నాళ్ళ తర్వాతనో అంత సంతోషం కలిగింది.

“ఏమైంది నీకు? కోతి గోకిందా?”

“అక్కా, ఒక చెంచ ఇయ్యి.”

చెంచాడు గుజ్జు కిటికీ గడప మీద పెట్టాడు. మెహరున్నిసా బిస్మిల్లా అనుకొని నోట్లో వేసుకుంది. కండ్లు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు.

“సీతాఫలం కాదబ్బా ఇది,” అంది చివరికి.

“కాదు,” అని నర్సింలు ఒప్పుకున్నాడు. “దాని సుట్టం. దగ్గరి సుట్టమే గని అది గాదు. నిన్న రాలింది తెగులు గాదక్కా. మాగి మాగి రాలింది. నేను కండ్ల కోసం సూసుకుంట కూసున్న.”

“మరి ఏం పేరు దీనికి?” ఆమె చెంచా నాకి, వేలితో గడప కూడా తుడిచింది. “సీతమ్మకు పండుండాది. రామయ్యకుండాది. లక్ష్మణునికుండాది. మిగిలిండే ఆయన ఇప్పుడే వచ్చి తిని పాయ. ఆయన పేరే పెట్టు.”

నర్సింలు మళ్ళీ నవ్వడం మొదలుపెట్టాడు. కానీ సరదా కాసేపే. చెట్టు మీద రెండే రెండు కాయలు ఉన్నాయి. శుక్రవారం భోజనానికి ఇంకా ఒక పగలూ ఒక రాత్రీ మాత్రమే ఉన్నాయి. నిచ్చెన వేసుకొని ఎక్కాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కండ్లు తెరవని కాయ మీద చెయ్యి వేశాడు. కోతి నొక్కినట్టే బొటనవేలితో నొక్కాడు. ఒకటి రాయి. రెండోది, తన మనసు అలా అనుకుంటోందో ఏమో గాని, ఇంత లోపలికి పోయింది. రెండూ కాడతో కోసి కిటికీ గడప మీద పెట్టాడు.

“బియ్యం గోతంలో పెట్టు అక్కా. నువ్వన్నదే చెయ్యి.”

“మంగళవారం నేనంటే పెద్ద పంతులు మాదిరి పాఠం చెప్తివి,” అంది మెహరున్నిసా. అంటూనే తన ఉన్ని శాలువా తెచ్చి కాయల్ని చంటిపిల్లల్ని చుట్టినట్టు చుట్టి, బియ్యం గోతంలో దింపి, గోతాన్ని పొయ్యి పక్కకు జరిపింది.

*

శుక్రవారం నమాజు అయ్యాక తమ్ముడు వచ్చాడు. లావుపాటి మనిషి, నవ్వు కూడా లావుగానే ఉంటుంది. నర్సింలును చూడగానే, “ఏం, చలి సరిపోయిందా? మా గోదాం నీకోసం ఎదురుచూస్తోంది,” అన్నాడు. నర్సింలు తల వంచుకొని కాఫీ కప్పులు అందించాడు.

అన్నం, వేటమాంసం అయ్యాక అబూ సయీద్ అతిథుల గది, మజ్లిస్, గుమ్మం వైపు చూసి, “తీసుకురా,” అన్నాడు.

మెహరున్నిసా పళ్ళాన్ని లోపలి తలుపు సందులోంచి అందించింది. ఒక పండు. రాత్రికి రాత్రి తోలు రంగు తిరిగి, పట్టుకుంటే ఒత్తిడికి ఒదిగేంత మెత్తబడింది. రెండోది ఇంకా రాయే. నర్సింలు అన్నదమ్ముల ముందు కింద కూర్చొని చాకు పక్కన పెట్టేశాడు. ఈ జాతి పండును కోయరు, చేత్తో విప్పుతారు. విప్పాడు. మజ్లిస్‌లో ఊదు వాసనను దాటుకొని పండు వాసన వచ్చింది.

“గింజ కొరకొద్దు బాబా. గింజ చెడ్డది,” అని హెచ్చరించాడు.

అబూ సయీద్ చెంచాతో కొంచెం తీసుకున్నాడు. తమ్ముడు అన్న ముఖం చూసి ధైర్యం తెచ్చుకొని, తనూ తీసుకున్నాడు. చెంచాలు పళ్ళానికి తగులుతున్న చప్పుడు తొందర తొందరగా వినిపించింది. చివరకు తమ్ముడు తోలు పట్టుకొని నేరుగా నోటితో గీరడం మొదలుపెట్టాడు.

“ఇంకోటి?”

“ఉంది. గట్టిగా ఉంది. మూడు రోజులు పడుతుంది.”

“మూడు రోజులా?” తమ్ముడు నిజంగానే బాధపడ్డాడు.

అబూ సయీద్ మూతి తుడుచుకొని వెనక్కి ఆనుకున్నాడు. “నెగ్గావు. హాజీకి చెబుతాను, ఆ ఇంజినీరుకు కూడా చెబుతాను. ఆ పేరు మళ్ళీ చెప్పు, రాసుకుంటాను. సీతా... ఏమిటి?”

ఒక్క మాట చాలు. మంగళవారం చెప్పిన మాటే. అది చెప్పి లేచి పోతే చెట్టు ఉంటుంది, తను ఉంటాడు, మంచు ఉంటుంది. నర్సింలు నోరు తెరిచాడు. కానీ ఆ పేరు రాసి పెట్టుకుంటే వచ్చే ఏడు ఏమవుతుందో అతని కళ్ళకు కట్టింది. తను లేకపోయినా ఎవడో మెదక్ వాడో మహబూబ్‌నగర్ వాడో ఇదే చెట్టు కింద నిలబడి, ఆ పేరు విని, కండ్లు తెరుస్తుందని ఎదురుచూస్తాడు. పండ్లన్నీ మాగి, రాలి, మట్టిపాలవుతాయి. ఆ సంగతి తెలిసి కూడా తప్పుడు పేరు పెట్టడం అతనికి చేత కాలేదు.

“బాబా, ఇది సీతాఫలం కాదు,” అన్నాడు. “దాని చుట్టం. మా దేశంలో నేను చూడలేదు. పేరు తెలియదు. మంగళవారం తెలుసు అన్నాను. తప్పు.”

తమ్ముడు పకపకా నవ్వాడు. “అయితే సామాను సర్దుకో.”

అబూ సయీద్ నవ్వలేదు. పంతులు ముఖం పెట్టి చూశాడు. “పేరు తెలియని పండు, తినేదని ఎలా తెలిసింది? పండిందని ఎలా తెలిసింది?”

“కోతి,” అన్నాడు నర్సింలు. అరబ్బీలో ఇంక మాటలు దొరకక, కోతి ఎలా కూర్చుందో కూర్చొని చూపించాడు. ఎలా నొక్కిందో నొక్కి చూపించాడు. ఎలా గింజ ఉమ్మిందో, తన రాయికి ఎలా పళ్ళు ఇకిలించిందో అన్నీ చేసి చూపించాడు. లోపలి తలుపు వెనక మెహరున్నిసా నవ్వు చీర కొంగులో నొక్కుకుంటున్న చప్పుడైంది. అబూ సయీద్ గడ్డం ముందు కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి. చివరికి ఆయన కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. అలా నవ్వగా ఆ ఇంట్లో ఎవరూ చూసి ఉండరు. నవ్వి నవ్వి లేచి, చెప్పులు వేసుకొని పెరట్లోకి నడిచాడు. నర్సింలు ఏం చేయాలో తోచక వెంట నడిచాడు.

చెట్టు కింద రాతిగట్టు మీద కూర్చొని ఆయన చాలాసేపు ఆకుల్లోకి చూశాడు.

“దీన్ని అబ్దుల్ ఖాదర్ పెట్టాడు. రోడ్డు పనికొచ్చిన విదేశీ ఇంజినీరు ఒకడు ఏదో పండు తిని గింజలు పారేస్తే ఏరుకొచ్చి పాలడబ్బాలో నాటాడు. పదకొండేళ్ళు నా దగ్గర చేశాడు. రోజూ దీనికి నీళ్ళు పోస్తుంటే చూసేవాణ్ణి. ఇదేమిటని అడగలేదు. నిరుడు యుద్ధం గొడవలో యెమన్ వాళ్ళంతా వెళ్ళిపోవాల్సి వచ్చినప్పుడు, పెళ్ళాం పిల్లలతో ట్రక్కు ఎక్కి, మళ్ళీ దిగి వచ్చి దీనికి నీళ్ళు పోసి పోయాడు. నేను ఇక్కడే నిలబడి ఉన్నాను. అప్పుడు కూడా అడగలేదు.” ఆయన మట్టిలోని సున్నపు గీతను చెప్పుతో చెరిపాడు. “గ్యారేజీ పడమటి వైపు కడతారు. మా తమ్ముడు ఇంకో మనిషిని వెతుక్కుంటాడు. అది అయిపోయిన సంగతి.”

నర్సింలు దండం పెట్టబోయి, ఇక్కడ పెట్టకూడదని గుర్తొచ్చి, చేతులు కోటు జేబుల్లో పెట్టుకున్నాడు. ఆ సంతోషాన్ని ఏం చేయాలో తెలియక చెట్టు మొదట్లో మట్టిని కాలితో సర్దాడు.

“నర్సింలూ,” అన్నాడు అబూ సయీద్. ఈ తొమ్మిది నెలల్లో ఆయన చాలా ప్రశ్నలు అడిగాడు. నీళ్ళు పెట్టావా, గేటు వేశావా, మేకలెన్ని. అన్నీ జవాబు తనకు తెలిసినవే. “మీ ఊళ్ళో మీ ఇంటి ముందు ఏం చెట్టుంది?”

ఉంది. మొర్రిచెట్టు. వేసవిలో నల్లటి చిన్న పండ్లు, తింటే నాలుకంతా నల్లన, గింజ పగలగొడితే లోపల పప్పు. నర్సింలు చిన్న కూతురు ఆ పండ్లు దోసిట్లో పట్టుకొని వచ్చి, తండ్రికి పెట్టకముందే సగం తినేసేది. వీటిలో ఒక్కదానికి కూడా అతని దగ్గర అరబ్బీ మాట లేదు.

“పెద్దది, బాబా,” అన్నాడు. “చెప్పడం... చాలాసేపు.”

అబూ సయీద్ గట్టు మీద కొంచెం పక్కకు జరిగాడు.

“కూర్చో,” అన్నాడు. “చెప్పు.”